వరంగల్‌లో సెలవు రోజు బయట తినాలంటే: హోటల్ పేరు కంటే ముందు వేళ చూసుకోండి

వారంలో దొరికేది ఒక్క సెలవు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించకుండా అందరూ కలిసి బయట తిందామనుకోగానే వచ్చే మొదటి ప్రశ్న "ఏ హోటల్ బాగుంటది?" వరంగల్, హనుమకొండ, కాజీపేట ఎక్కడ అడిగినా పది మంది పది పేర్లు చెప్తారు. అందరూ నిజమే చెప్తారు. కానీ వాళ్లు అక్కడికి మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి ఉంటారు, మీరు మూడున్నరకు వెళ్తారు. ఒకే వంటమనిషి, ఒకే హండీ అయినా ఆ రెండు పళ్లేల్లో ఉండే బిర్యానీ ఒక్కటి కాదు. అందుకే పేరు అడిగే ముందు వేళ తేల్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఏ వంట ఏ గంటకు పొయ్యి మీది నుంచి దిగుతుందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. మిగతా సగం మీ వెంట ఎవరున్నారు, ఆ వేళకు ఊళ్లో ఏ పక్కన ఉంటారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

పొద్దున టిఫిన్

టిఫిన్ కోసమైతే ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్లండి. ఆదివారం తొమ్మిదిన్నర దాటిందంటే రద్దీ ఒక ఇబ్బంది, పల్లీ చట్నీ పలచబడటం ఇంకో ఇబ్బంది. మొదటి గిన్నె చట్నీ చిక్కగా ఉంటుంది. అది అయిపోయే వేళకు వచ్చిన వాళ్లకు నీళ్లు కలిపిందే దక్కుతుంది.

బండి, చిన్న టిఫిన్ సెంటర్ ఒక రకం. కూర్చోబెట్టి వడ్డించే హోటల్ ఇంకో రకం. రుచి ఒక్కటే చూస్తే నా ఓటు మొదటిదానికే. పొద్దున రుబ్బిన పిండి ఎంతో అంతే అమ్ముతారు, పదిన్నరకల్లా గిన్నెలు కడిగేస్తారు, నిలవ ఉండే సందే లేదు. కానీ అక్కడ నిలబడి తినాలి, చేతులు కడుక్కోవడానికి ఒక డ్రమ్ము, మగ్గు తప్ప ఏమీ ఉండవు. నాయనమ్మ, తాతలు వెంట ఉంటే, చంటిపిల్ల చంకలో ఉంటే కూర్చునే హోటలే మేలు. ఇడ్లీ కొంచెం తక్కువ మెత్తగా ఉన్నా ఫర్వాలేదు, పెద్దవాళ్లు నిమ్మళంగా తిన్నారన్న తృప్తి ఉంటుంది.

పది దాటాక వెళ్తే మాత్రం ఎక్కడైనా సరే, మీరు అడిగాక వేసేవే చెప్పండి. దోశ, పూరీ, ఉతప్పం అప్పటికప్పుడు పెనం మీదో, నూనెలోనో వేయాల్సిందే. వడ, మైసూర్ బజ్జీ అట్లా కాదు. చల్లారిన వాటిని మళ్లీ ఒకసారి నూనెలో ముంచి తీసి ఇస్తారు. పైన కరకరలాడినా లోపల నూనె పీల్చుకుని ఉంటాయి.

మధ్యాహ్నం: బిర్యానీయా, మండియా, బగారా అన్నమా

అసలు తగువంతా ఇక్కడే. ఇంట్లో పిల్లలు మండి అంటారు, వాళ్ల నాన్న బిర్యానీ అంటాడు, పెద్దవాళ్లు తునకల కూర, బగారా అన్నం ఉన్నచోటికి పోదాం అంటారు. మూడూ అన్నం, మాంసమే కదా అనుకుంటాం కానీ మూడింటికీ వండే తీరు వేరు, తినే తీరు వేరు.

దమ్ బిర్యానీ ముందే వండి దించేది. పచ్చి మాంసాన్ని మసాలా, పెరుగులో నానబెట్టి, సగం ఉడికిన బియ్యం దాని మీద పరిచి, మూతకు పిండి అంటించి ఆవిరి మీద మగ్గపెడతారు. మూత తీసిన గంటలోపు తిన్న బిర్యానీకి, మూడు గంటల తర్వాత తిన్నదానికి పోలికే ఉండదు. పైనున్న అన్నం ఎండిపోతుంది, కింద మిగిలింది మసాలాతో ముద్దవుతుంది, ముక్క పీచు కడుతుంది. కాబట్టి బిర్యానీకి పన్నెండున్నర నుంచి రెండు లోపు వెళ్లండి. బాగా నడిచే హోటళ్లలో రోజంతా ఒక్క పెద్ద హండీ కాకుండా విడతలు విడతలుగా దించుతారు. సర్వరును "కొత్త హండీ ఎప్పుడు తీస్తరన్నా?" అని అడగడానికి మొహమాటపడొద్దు. పది నిమిషాలు ఆగమంటే సంతోషంగా ఆగండి.

ఆలస్యమై మూడు దాటిందనుకోండి, అప్పుడు దమ్ బిర్యానీ కంటే ఫ్రై పీస్ బిర్యానీ నయం. అన్నం అదే అయినా చికెన్‌ను విడిగా, మనం చెప్పాక వేయించి పైన వేస్తారు. కనీసం ముక్క తాజాగా ఉంటుంది. దమ్ ఇష్టపడేవాళ్లు దీన్ని బిర్యానీగా లెక్కపెట్టరు, నాకూ దమ్ బిర్యానీయే ఇష్టం. కానీ ఆ వేళకు నేను ఫ్రై పీసే చెప్తాను.

మండి అరబ్బు వంట. యెమెన్ నుంచి గల్ఫ్ దేశాలకు, అక్కడి నుంచి మన దగ్గరికి వచ్చింది. పెద్ద పళ్లెం నిండా అన్నం పోసి, మీద మాంసం పెట్టి తెస్తారు. చుట్టూ కూర్చుని అందరూ అందులోంచే తినాలి. కారం తక్కువ, బాదం, కిస్‌మిస్ లాంటివి ఉంటాయి కాబట్టి పిల్లలు ఇష్టంగా తింటారు. ఖర్చు విషయంలో దీనికి ఒక సుళువు ఉంది. ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఐదుగురికి అని పళ్లేలు వేరువేరుగా అమ్ముతారు. మనుషులు పెరిగేకొద్దీ తలకు పడే ఖర్చు తగ్గుతుంది. ఐదుగురు దోస్తులు కలిసి వెళ్తే బిర్యానీ కంటే మండి చవకగా తేలే అవకాశం ఎక్కువ. ఇద్దరే అయితే అంత లాభం కనిపించదు.

మండికి కష్టం ఎక్కడంటే, చాలాచోట్ల కింద పరుపుల మీద కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను అక్కడ గంటసేపు కూర్చోబెట్టడం వాళ్లను బాధపెట్టడమే. టేబుళ్లున్న మండి హోటళ్లు కూడా ఉన్నాయి, ముందే ఫోన్ చేసి అడగండి. రెండో సంగతి కారం. మిరపకాయ తొక్కుతో అన్నం తినే నాలుకకు మండి చప్పగా తోస్తుంది. మా పెద్దమ్మకైతే సలాన్ గిన్నె పక్కన లేనిదే ముద్ద దిగదు. అట్లాంటి పెద్దవాళ్లు ఉంటే మండి వద్దు, లేదా వాళ్ల కోసం విడిగా ఒక కారం కూర చెప్పండి. ఇంకో జాగ్రత్త మండి పక్కన ఇచ్చే మయోనైజ్ గురించి. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. పిల్లలు దాన్ని స్పూన్లతో తినేస్తారు కాబట్టి "గుడ్డుతో చేసిందా, గుడ్డు లేకుండా చేసిందా?" అని అడిగాకే గిన్నె వాళ్ల ముందు పెట్టండి. ఎండాకాలంలోనైతే ఏ రకమైనా చల్లగా ఉంటేనే తీసుకోండి.

ఇక మన తిండి. బగారా అన్నం, తునకల కూర, దాల్చా. జొన్నరొట్టె, నాటుకోడి. తలకాయ కూర, బోటి, పచ్చిపులుసు. ఇంతకుముందు ఇవి పండుగకో, పెళ్లికో, ఎల్లమ్మ బోనాలకో ఇంట్లోనే తినేవాళ్లం. ఇప్పుడు ఊళ్లో "తెలంగాణ రుచులు", "నాటుకోడి" అన్న బోర్డులు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. నాకు చాలా సంతోషమనిపించే మార్పు ఇది. బయటి ఊరి నుంచి చుట్టాలు వస్తే వాళ్లకు బిర్యానీ తినిపించడం కంటే ఇక్కడికి తీసుకుపోవడమే నయం. బిర్యానీ వాళ్ల ఊళ్లోనూ ఉంటుంది.

ఈ హోటళ్లను ఎంచుకునేటప్పుడు రెండు చూడండి. ఒకటి, జొన్నరొట్టె. కళ్ల ముందే చేత్తో కొట్టి పెనం మీద కాలుస్తుంటే అక్కడ తినండి. ముందే కాల్చి డబ్బాలో పేర్చిన రొట్టె పావుగంటలో బిరుసెక్కి నమలలేకుండా అవుతుంది. రెండు, నాటుకోడి. అది ఫారం కోడిలా ఇరవై నిమిషాల్లో ఉడకదు. నిజమైన నాటుకోడికి గంట దాకా పడుతుంది. చెప్పిన ఐదు నిమిషాల్లో తెచ్చారంటే, పొద్దున వండిందన్నా అయి ఉండాలి, నాటుకోడి కాకుండా అన్నా ఉండాలి. కొన్నిచోట్ల ముందు రోజే చెప్తే కిలో లెక్కన వండి ఇస్తారు. నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పక్కన ఉన్న అంకాపూర్‌లో నాటుకోడికి పేరొచ్చింది ఈ పద్ధతి వల్లే. ఆర్డర్ ఇచ్చాకే వండటం, కిలోల లెక్కన అన్నంతో కలిపి ఇవ్వడం. వరంగల్‌లో అదే పేరు పెట్టుకున్న బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్లి "చెప్పినంక వండుతరా?" అని అడగండి. అవునంటేనే ఆ పేరుకు అర్థం.

కూర ఎర్రగా ఉందని భయపడి వెనక్కి తగ్గేవాళ్లకు ఒక మాట. మన దగ్గర పండే చపాటా మిర్చి రంగు బాగా ఇస్తుంది, కారం తక్కువ ఉంటుంది. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. టమాటా మిర్చి అని కూడా అంటారు. ఆ పొడి వేసిన కూర నిప్పులా కనిపించినా పిల్లలు తినగలుగుతారు. కాబట్టి రంగు చూసి నిర్ణయించుకోకుండా, ఒక చెంచా పులుసు తెప్పించుకుని రుచి చూడండి.

చేపల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పులుసు నిలిచేకొద్దీ చేప ముక్కకు ఉప్పు, పులుపు పడతాయి. మధ్యాహ్నం వండిన చేపల పులుసు రాత్రికి ఇంకా బాగుంటుంది. ముందే వండి పెట్టినవాటిలో, సాయంత్రం ఆలస్యంగా వెళ్లినా ధైర్యంగా చెప్పగలిగింది అదొక్కటే. కొర్రమేను దొరికితే పిల్లలకు ముళ్ల బాధ తక్కువ. వేపుడు మాత్రం ఎప్పుడైనా అప్పుడే వేయించిందే తినాలి.

శాకాహారం, గుడికి వెళ్లే రోజు

భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకుని అటునుంచి భోజనానికి వెళ్లేవాళ్లు, కార్తీకం, శ్రావణం పాటించేవాళ్లు, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు వెంట ఉంటే పూర్తి శాకాహార హోటల్‌కే వెళ్లండి. రెండూ వండేచోట "మాకు వేరే కిచెన్ ఉంది" అని చెప్తారు. ఉండొచ్చు. అయినా పెద్దవాళ్లకు పక్క టేబుల్ మీద నుంచి వచ్చే వాసనతోనే ముద్ద దిగదు. వాళ్ల మనసు కష్టపెట్టి మిగుల్చుకునేది ఏమీ లేదు.

ఫుల్ మీల్స్‌కు పన్నెండున్నర నుంచి రెండు దాకా మంచి వేళ. రెండున్నర తర్వాత కూరల్లో ఒకటి అయిపోతుంది, పప్పు పలచబడుతుంది, పెరుగుకు బదులు మజ్జిగ వస్తుంది. ఆలస్యమైతే మీల్స్ మాని రోటీ, కర్రీ చెప్పుకోవడం నయం.

రాత్రి

రాత్రికి వేళ పట్టింపు తక్కువ. తందూరీ రోటీ, కబాబులు, పనీర్ కూరలు అన్నీ చెప్పాకే చేస్తారు. అందుకే నక్కలగుట్ట, సుబేదారి, బాలసముద్రం, హంటర్ రోడ్డు వైపు ఉండే ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్లకు రాత్రి వెళ్లడమే మేలు. ఒక్కొక్కరూ ఒక్కోటి తినే కుటుంబానికి ఇవి బాగా సరిపోతాయి. ఒకరికి నూడుల్స్, ఒకరికి బటర్ నాన్, ఒకరికి పెరుగన్నం, అన్నీ ఒకే టేబుల్ మీదికి వస్తాయి. ఏ ఒక్కటీ ఊళ్లో అన్నిటికంటే గొప్పగా ఉండదు. తగువు లేకుండా అందరూ తిని లేచే సుఖం మాత్రం దొరుకుతుంది. ఆదివారం రాత్రి ఎనిమిది దాటితే వరసలో నిలబడాలి కాబట్టి ఏడున్నరకే వెళ్లండి. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో ఫంక్షన్ హాళ్లున్న రోడ్ల మీద ట్రాఫిక్ ఎంత నరకమో తెలిసిందే. ఆ రోజుల్లో హంటర్ రోడ్డు వైపు ప్లాన్ పెట్టుకోకండి.

హైదరాబాద్ హైవే మీది దాబాలు దోస్తులకు, బండి మీద తిరగడం ఇష్టమైనవాళ్లకు బాగుంటాయి. ఆడపిల్లలు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడ మందు నడుస్తుందా లేదా ముందే కనుక్కోండి. బోర్డు మీద "ఫ్యామిలీ" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఫ్యామిలీలకు విడిగా చోటు ఉందా అన్నది ముఖ్యం. వాష్‌రూమ్ కూడా చూడండి. దాని మీద పట్టింపు ఉన్నవాళ్లు వంటగది మీద కూడా పట్టింపుగా ఉంటారని నా నమ్మకం.

రంజాన్ నెలలో మాత్రం వేరే ఆలోచన అక్కర్లేదు. సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక మండీబజార్ వైపు వెళ్లి హలీం తినండి. గోధుమ, మాంసం గంటల తరబడి ఉడికించి, మెదిపి చేసే వంట అది. ఏడాదిలో మిగతా నెలల్లో ఆ రుచితో దొరకడం కష్టం.

ఊళ్లో ఏ పక్క?

మన ఊరు మూడు ఊళ్లు. కాజీపేట ఒక చివర, వరంగల్ స్టేషన్ ఇంకో చివర, మధ్యలో హనుమకొండ. ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 10 కిలోమీటర్లు. కాగితం మీద తక్కువే, ఆదివారం సాయంత్రం చౌరస్తాల దగ్గర ఆగుతూ వెళ్లేవాళ్లకు తెలుస్తుంది అదెంతో. ఒక హోటల్ కోసం ఊరు దాటి వెళ్లడం సెలవు రోజున వద్దు. వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు చూసేవాళ్లు హనుమకొండలోనే తినండి. ఖిలా వరంగల్‌కు వెళ్లినవాళ్లు వరంగల్ చౌరస్తా, స్టేషన్ రోడ్డు వైపు చూసుకోండి. కాజీపేటలో రైలు దిగే చుట్టాలకు అక్కడి నుంచి హనుమకొండ వచ్చే దారిలోనే, నిట్ దాటాక, కావలసినన్ని హోటళ్లు ఉన్నాయి. నక్కలగుట్టలో పర్యాటక శాఖ వాళ్ల హరిత కాకతీయ కూడా ఉంది. ఊరికి కొత్తవాళ్లు కలుసుకోవడానికి గుర్తుపట్టడం తేలిక.

రామప్పకు వెళ్లే రోజు లెక్క వేరు. హనుమకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. పొద్దున ఇక్కడే గట్టిగా టిఫిన్ తిని బయలుదేరండి, మధ్యాహ్నానికి ములుగులో ఆగడమో, ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడమో చేయండి. మేడారం జాతర జరిగే రోజుల్లో ఆ రోడ్డు మీద గంటల తరబడి వాహనాలు నిలుస్తాయి కాబట్టి అప్పుడు అటువైపు తిండి నమ్ముకుని వెళ్లొద్దు.

ఆదివారం కాని సెలవు

అందరికీ ఆదివారమే సెలవు రాదు. భూపాలపల్లి సింగరేణిలో షిఫ్టు చేసేవాళ్లు, ఆసుపత్రుల్లో నర్సులు, బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు మామూలు రోజున ఊళ్లోకి వస్తారు. వాళ్లకు వరసలు లేకపోవడం లాభం, సర్వరు తీరిగ్గా మాట్లాడతాడు. కానీ మంగళ, గురు, శనివారాల్లో మన దగ్గర చాలా ఇళ్లలో నీసు ముట్టరు. అమ్మకం తగ్గితే మాంసం నిలవ పడే అవకాశం పెరుగుతుంది. ఆ రోజుల్లో సెలవు పడితే టిఫిన్, మీల్స్ లాంటివి చూసుకోండి, లేదా జనం ఎక్కువగా ఉండే నాన్‌వెజ్ హోటల్‌కే వెళ్లండి. మటన్‌కు బుధవారం, ఆదివారం నిశ్చింత.

బిల్లు, రేటింగు

రెస్టారెంట్ బిల్లులో మామూలుగా జీఎస్టీ 5 శాతం. వెయ్యి రూపాయలు తింటే 50 రూపాయలు, సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. చిన్న హోటళ్లు కాంపోజిషన్ పథకంలో (అమ్మకం మీద పన్ను హోటల్ వాళ్లే కట్టుకునే పద్ధతి) ఉంటే కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు. సర్వీస్ చార్జీ పన్ను కాదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. వేస్తే తీసేయమని మర్యాదగా అడగండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. సర్వరు బాగా చూసుకున్నాడనిపిస్తే ఆ డబ్బు ఆయన చేతికే ఇవ్వండి. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.

ఫోన్లో నక్షత్రాల లెక్క కంటే ఈ నెలలో జనం పెట్టిన ఫొటోలు ఎక్కువ చెప్తాయి. వంటమనిషి మారితే హోటల్ మారినట్టే, రెండేళ్ల కిందటి పొగడ్త ఇవాళ్టి కూరకు చెల్లదు. ఎవరైనా వేళ రాసి ఉంటే, "మధ్యాహ్నం వెళ్లాం, బాగుంది", "రాత్రి వెళ్లాం, చల్లగా ఉంది" అని, ఆ మాటలు ముందు చదవండి.

పార్శిల్

ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు, వాన పడుతోంది, వెళ్లలేం అనుకుంటే పార్శిల్ తెచ్చుకోవచ్చు. బిర్యానీ, బగారా అన్నం, చేపల పులుసు, తునకల కూర ఇంటికి తెచ్చాక కూడా బాగుంటాయి. కూరలు వేడి చేసుకుంటే సరిపోతుంది. మండి తేవచ్చు కానీ పెద్ద పళ్లెంలో పోసుకుని కలిసి తింటేనే దాని సరదా. తందూరీ రోటీ సాగుతుంది, జొన్నరొట్టె బిరుసెక్కుతుంది, పూరీ మెత్తబడుతుంది. కూర బయటి నుంచి తెచ్చి అన్నం, రొట్టె ఇంట్లో వేడిగా చేసుకోండి. దోశ మాత్రం తెచ్చుకోకండి, పెనం దగ్గరే నిలబడి తినండి.